ఫోన్‌లో నర్సు: చూడకుండా తేల్చాల్సిన పని

"జ్వరం తగ్గింది సిస్టర్. నాలుగు రోజులుగా నూట రెండు, నూట మూడు ఉండేది. ఇవాళ పొద్దున్నుంచీ ఒళ్ళు చల్లబడింది. కాకపోతే నీరసంగా పడుకునే ఉన్నాడు, ఏం తాగినా కక్కేస్తున్నాడు."

వానాకాలంలో ఫోన్ మీద పనిచేసే నర్సులకు ఇలాంటి కాల్ కొత్త కాదు. తల్లి గొంతులో ఊరట ఉంటుంది. నర్సుకు మాత్రం సరిగ్గా అక్కడే గుండె జారుతుంది. డెంగీలో ప్రమాదం ముంచుకొచ్చేది సాధారణంగా జ్వరం దిగే వేళకే, అంటే మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరిపోయి బీపీ పడిపోయేది అప్పుడే. అందుకే ఆవిడ జ్వరం సంగతి అక్కడితో వదిలేసి వేరే ప్రశ్నలు అందుకుంటారు. కడుపు నొప్పి అంటున్నాడా? ఆఖరిసారి ఒంటేలుకు ఎప్పుడు వెళ్ళాడు? అరిచేతులు, అరికాళ్ళు పట్టుకుని చూడండి, చల్లగా ఉన్నాయా? చిగుళ్ళ నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం కనబడిందా? పిలిస్తే కళ్ళు తెరిచి పలుకుతున్నాడా? రెండు మూడు జవాబులు వినేసరికే మాట తేలిపోతుంది: "అమ్మా, ఇప్పుడే ఆస్పత్రికి బయల్దేరండి. సాయంత్రం దాకా ఆగొద్దు."

ఇందులో ఆవిడ మందు వేసింది లేదు, సెలైన్ ఎక్కించింది లేదు, పిల్లాడి ముఖం చూసింది కూడా లేదు. సాయంత్రం దాకా చూద్దాంలే అనుకున్న ఇంటిని అప్పటికప్పుడు కదిలించారు, అంతే. ఇంటి నుంచో కాల్ సెంటర్ నుంచో పనిచేసే నర్సు అనగానే మనకు తోచేది జాగ్రత్తలు చెప్పే గొంతు: నీళ్ళు బాగా తాగండి, మందులు వేళకు వేసుకోండి, తగ్గకపోతే డాక్టర్‌ని కలవండి. ఆ మాత్రానికి నర్సు అక్కర్లేదు, రికార్డు చేసి పెడితే సరిపోతుంది. ఈ మనిషి ఇంట్లోనే ఉండొచ్చా, పొద్దున దాకా ఆగొచ్చా, ఇప్పుడే కదలాలా అన్నది తేల్చడానికే అక్కడ నర్సు కావాలి. అది ఎంత బరువైన బాధ్యతో, దాన్ని మన ఆస్పత్రులూ నిబంధనలూ ఎంత తేలిగ్గా తీసుకుంటున్నాయో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఒకే పేరు మీద నాలుగు పనులు

ఉద్యోగ ప్రకటనల్లో "వర్క్ ఫ్రమ్ హోమ్ నర్స్" అని కనబడేది ఒక్క పని కాదు. అసలు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

పైన చూసింది ట్రయాజ్. తెలియని మనిషి ఫోన్ చేస్తారు, నిమిషాల్లో అత్యవసరమా కాదా తేల్చాలి. రెండోది ఫాలో-అప్. తెలిసిన పేషెంటు, పాత జబ్బు, వారానికో పక్షానికో ఒకసారి ఫోన్. గుండె బలహీనత, షుగర్, కీమోథెరపీ, ఆపరేషన్ తర్వాత రోజులు, మంచాన పడ్డ పెద్దవాళ్ళు, ఇవన్నీ దీని కిందికి వస్తాయి. మూడోది దీనికి తలకిందులు: నర్సు పేషెంటు పక్కనే ఉంటారు, డాక్టరే దూరంగా ఉంటారు. ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవని నడిచేది ఇలాగే. 2019 నవంబరులో దీన్ని దేశంలో మొదట అమల్లో పెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఊళ్ళోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), ఎక్కువగా బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయే, బీపీ చూసి, షుగర్ పరీక్షించి, పేషెంటును కెమెరా ముందు కూర్చోబెట్టి హబ్‌లో, అంటే దూరంగా ఉన్న కేంద్రంలో ఉన్న డాక్టర్‌తో మాట్లాడిస్తుంది. డాక్టర్ చెయ్యి కూడా ఆమే, చూపు కూడా ఆమే.

నాలుగోదానికి పేషెంటుతో మాటే ఉండదు. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టుల్లో అమెరికా బీమా కంపెనీల తరఫున కేసు షీట్లు చదివి, ఈ అడ్మిషన్ అవసరమా, ఈ పరీక్షకు డబ్బు చెల్లించవచ్చా అని చూసే పని. యుటిలైజేషన్ రివ్యూ అంటారు. కొన్ని కంపెనీలు ఎన్‌క్లెక్స్ పాసై అమెరికా లైసెన్సు ఉన్నవాళ్ళనే అడుగుతాయి. నర్సింగ్ చదువు దీనికీ కావాలి, తప్పు లేదు. కానీ పేషెంట్లతో మాట్లాడాలని ఆశపడి చేరినవాళ్ళు ఇక్కడ నిరాశపడతారు. వార్డులో నిలబడలేక కూర్చుని చేసే పని వెతుక్కుంటున్నవాళ్ళకు ఇదే మేలు. చేరేముందు ఏది ఏదో తెలుసుకుంటే చాలు.

ఇక నుంచి నేను మాట్లాడేది మొదటి రెండింటి గురించే. పేషెంటూ, ఆ ఇంటివాళ్ళూ, ఫోన్‌లో నర్సూ.

చూడకుండా చూడటం

ఈ పద్ధతి మనకు మరీ కొత్తదేం కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 ఆరోగ్య సలహా నంబరు వచ్చింది. బ్రిటన్‌లో 1998లో ఎన్‌హెచ్ఎస్ డైరెక్ట్ పేరుతో నర్సులే ఫోన్ ఎత్తే సేవ పెట్టారు. అదే ఏడాది అచ్చయిన ఒక అధ్యయనం నాకు ముఖ్యంగా తోస్తుంది. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో రాత్రిళ్ళూ సెలవు రోజుల్లోనూ వచ్చే కాల్స్‌ను కొన్ని రోజులు నర్సులకు, కొన్ని రోజులు మామూలుగా డాక్టర్లకు వెళ్ళేలా ఏర్పాటు చేశారు. మొత్తం 14,492 కాల్స్. నర్సులున్న రోజుల్లో 49.8 శాతం కాల్స్ డాక్టర్ దాకా పోకుండానే తేలిపోయాయి. మరణాలు పెరగలేదు, అత్యవసర అడ్మిషన్లూ పెరగలేదు. అంటే శిక్షణా, సరైన ప్రోటోకాలూ, వెనక డాక్టరూ ఉంటే చూడకుండా తేల్చడం సాధ్యమే.

ప్రోటోకాల్ అంటే ఉత్త ప్రశ్నల పట్టిక అనుకుంటారు. అందులో ప్రాణమంతా వరసలో ఉంది. అమెరికాలో ఎక్కువగా వాడే ష్మిట్-థాంప్సన్ ప్రోటోకాల్స్‌లో ప్రాణం మీదికి తెచ్చే లక్షణాలు ముందు అడుగుతారు. అవేవీ లేవని తేలాకే ఇవాళే ఆస్పత్రికి వెళ్ళాల్సినవి, ఆ తర్వాత రేపు చూపించుకుంటే సరిపోయేవి, చివరికి ఇంట్లోనే చూసుకోగలిగినవి. ఫోన్ చేసినవాళ్ళు తమకు ఏది ముఖ్యమనిపిస్తే అది ముందు చెబుతారు. నర్సు ఆ కథ వింటూనే లోపల వేరే వరసలో అడుగుతూ పోవాలి. ఈ రెంటినీ తెగకుండా నడపడం కొత్తవాళ్ళకు ఎంతకీ అలవాటు కాదు.

పైగా మనవాళ్ళు లక్షణం చెప్పరు, జబ్బు పేరే చెప్పేస్తారు. "గ్యాస్ పట్టేసింది సిస్టర్, ఏ మాత్ర వేసుకోమంటారు?" షుగర్ ఉన్న అరవై ఏళ్ళ మనిషి ఇంటి నుంచి ఈ మాట వస్తే మాత్ర పేరు చెప్పడం ప్రమాదం. ఎక్కడ పట్టింది, వేలితో చూపించమంటే చూపిస్తున్నారా లేక ఛాతీ మొత్తం అరిచేత్తో చూపిస్తున్నారా, చెమటలు పట్టాయా, దవడకో భుజానికో పాకుతోందా, నాలుగడుగులు వేస్తే ఎక్కువవుతోందా అని అడగాలి. షుగర్ పేషెంట్లలో గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. కాబట్టి "నొప్పేం లేదు, ఆయాసంగా ఉంది అంతే" అన్న మాట కూడా తేలిగ్గా వదిలేది కాదు.

ఆయాసం విషయంలో అనుభవమున్న నర్సులు చేసే పని ఒకటుంది. కొడుకో కోడలో ఎంత చెప్పినా విని, "ఒకసారి పెద్దాయనకి ఫోన్ ఇవ్వండి" అంటారు. "నాన్నగారూ, భోంచేశారా? ఏం కూర చేశారు ఇవాళ?" వినడానికి పలకరింపులా ఉంటుంది. ఆవిడ చెవి మాత్రం కూర మీద ఉండదు. "బీరకాయ... చేశారమ్మా... తినాలనిపించక..." అని ముక్కలు ముక్కలుగా వస్తే, వాక్యం మధ్యలో ఊపిరి అందుకుంటుంటే, ఇంటివాళ్ళు "కొంచెం ఆయాసం" అన్నది కొంచెం కాదని తెలిసిపోతుంది. మనిషి గుక్కతిప్పుకోకుండా కూర బాగాలేదని పూర్తిగా తిట్టగలిగాడంటే ఆ పూటకు కొంత ధైర్యం.

పసిపిల్లల విషయంలో తల్లినే లెక్కపెట్టమంటారు. చొక్కా పైకెత్తండి, పాలు తాగుతున్నప్పుడూ ఏడుస్తున్నప్పుడూ వద్దు, పడుకున్నప్పుడు పొట్ట పైకి లేచిన ప్రతిసారీ "ఒకటి, రెండు" అని నాకు వినబడేలా అనండి. గడియారం నర్సు చేతిలో ఉంటుంది. నిండుగా ఒక నిమిషం. రెండు నెలల లోపు పాపకు 60 లేక అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేక అంతకు మించి, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 లేక అంతకు మించి ఉంటే అది వేగంగా పీల్చడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులివి. పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, మగతగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక లెక్కతో పని లేదు. వెనక నుంచి గట్టిగా ఏడుపు వినిపిస్తున్న పిల్లాడి కంటే, ఏ చప్పుడూ చేయని పిల్లాడి గురించే నర్సుకు భయం.

తప్పు రెండు వైపులా జరగొచ్చు. పంపాల్సిన మనిషిని ఇంట్లో ఉంచేస్తే ప్రాణం పోతుంది. అక్కర్లేని మనిషిని అర్ధరాత్రి పరిగెత్తిస్తే ఆటో ఖర్చు, క్యాజువాలిటీలో గంటల నిరీక్షణ, మర్నాటి కూలి పోతాయి. రెండోది చిన్నదేమీ కాదు. ఏజెన్సీ గ్రామం నుంచి జిల్లా ఆస్పత్రికి రావడమంటే ఒక కుటుంబం వారం సంపాదన అవ్వొచ్చు. "ఎందుకైనా మంచిది, వెళ్ళి చూపించుకోండి" అనేస్తే నర్సుకు భద్రం. అలా ప్రతి కాల్‌కీ అనేవాళ్ళకు ఆ కుర్చీ ఎందుకు?

బ్రిటన్‌లో 2014లో ఎన్‌హెచ్ఎస్ డైరెక్ట్ మూతపడి 111 అనే ఫోన్ నంబరు సేవ ఆ చోటు తీసుకుంది. అక్కడ మొదట ఫోన్ ఎత్తేది ఎక్కువగా నర్సులు కారు, కంప్యూటర్ అడగమన్న ప్రశ్నలు అడిగేలా శిక్షణ పొందిన ఆరోగ్య సలహాదారులు. అవసరమైతేనే నర్సుకో పారామెడిక్‌కో కలుపుతారు. ఖర్చు, సిబ్బంది కొరత అర్థం చేసుకోగలను. కానీ తెర మీది ప్రశ్నకు వచ్చిన జవాబును మాత్రమే నమోదు చేసే మనిషికి, ఆ జవాబు చెప్పిన తీరును వినే మనిషికి చాలా తేడా ఉందని నా నమ్మకం.

గుండె జబ్బు చెప్పిన సంగతి

ఫాలో-అప్ ఫోన్లు నిజంగా పనికొస్తాయా అని అడిగేవాళ్ళకు గుండె బలహీనత, అంటే హార్ట్ ఫెయిల్యూర్ మీద జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు చూపిస్తాను.

మొదటిది అర్జెంటీనాలో జరిగిన డయల్ అధ్యయనం. 2005లో అచ్చయింది. 1,518 మంది పేషెంట్లు. సగం మందికి మామూలు వైద్యం, సగం మందికి అదనంగా ఒకే కేంద్రం నుంచి నర్సుల ఫోన్లు. మొదట్లో రెండు వారాలకోసారి, తర్వాత పేషెంటు పరిస్థితిని బట్టి. తిండి, మందులు, ఆయాసం, కాళ్ళ వాపు, బరువు అడిగేవారు. నీరు తీసే మాత్ర మోతాదును కొంత మార్చే వెసులుబాటు కూడా నర్సులకిచ్చారు. మరణాలు తగ్గలేదు గానీ, గుండె బలహీనతతో ఆస్పత్రి పాలవడం దాదాపు 29 శాతం తగ్గింది.

రెండోది అమెరికాలో జరిగిన టెలీ-హెచ్ఎఫ్, 2010లో అచ్చయింది. 1,653 మంది. ఇక్కడ పేషెంట్లే రోజూ ఒక నంబరుకు ఫోన్ చేసి, యంత్రం అడిగే ప్రశ్నలకు బటన్లు నొక్కి బరువు, లక్షణాలు చెప్పాలి. ఆ సమాచారాన్ని వైద్య సిబ్బంది చూసేవారు. ఆరు నెలల తర్వాత లెక్క తీస్తే మళ్ళీ ఆస్పత్రిలో చేరినవారు లేదా చనిపోయినవారు ఈ ఏర్పాటు ఉన్నవారిలో 52.3 శాతం, లేనివారిలో 51.5 శాతం. తేడా లేనట్టే. 14 శాతం మంది ఒక్కసారైనా ఆ నంబరుకు ఫోన్ చేయలేదు. చివరి వారానికి వారంలో మూడుసార్లయినా వాడుతున్నవారు 55 శాతమే మిగిలారు.

దేశాలు వేరు, ఏళ్ళు వేరు, పేషెంట్లూ వేరు. రెంటినీ పక్కన పెట్టి యంత్రం ఓడింది, మనిషి గెలిచాడు అనేయడం తొందరపాటు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రిలో జరిగిన ఇంకో అధ్యయనం ఆ తొందరను ఆపుతుంది. 766 మంది ముదిరిన క్యాన్సర్ పేషెంట్లలో ఒక వర్గం తమ బాధలను కంప్యూటర్‌లో నమోదు చేస్తే, తీవ్రంగా ఉన్నప్పుడు నర్సుకు హెచ్చరిక వెళ్ళేది. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం వాళ్ళలో సగం మంది కనీసం 31.2 నెలలు బతికారు, మామూలు పద్ధతిలో ఉన్నవారిలో సగం మంది కనీసం 26 నెలలు. యంత్రం అక్కడా ఉంది. హెచ్చరిక అందుకుని కదలాల్సిన నర్సు కూడా ఉన్నారు, సమాచారం పోగుపడి ఊరుకోలేదు. మూడింటినీ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: ఎవరో ఒకరు బదులు పలుకుతారన్న నమ్మకం ఉంటేనే జనం తమ బాధ చెబుతూ ఉంటారు, చెప్పినదాన్ని బట్టి వెంటనే ఏదైనా చేసే అధికారం అవతలి మనిషికి ఉంటేనే ఆ చెప్పడం ఫలిస్తుంది.

మన ఇళ్ళల్లో ఆ ఫోన్ ఎలా సాగుతుందో చూడండి. బరువు రోజూ ఒకే వేళకు చూడాలి, పొద్దున లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫిన్ తినకముందు, ఒకే మిషన్ మీద. మూడు రోజుల్లో రెండు కిలోలు దాటి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. "ఉప్పు తగ్గించారా అమ్మా?" అని అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే, "అసలు వేయడమే లేదు సిస్టర్." అప్పుడు నర్సు మెల్లగా పళ్ళెంలోకి దిగాలి. పెరుగన్నంలోకి నంజుడు ఏమిటి? ఆవకాయా, మాగాయా? అప్పడం వేయించారా? ఊరమిరపకాయలు? ఎండుచేప? కూరలో మానేసిన ఉప్పు జాడీలోంచి తిరిగొస్తుంది. పచ్చడి మానేయండి అంటే ఫోన్ పెట్టేశాక మళ్ళీ మొదలు. వారానికి ఎన్నిసార్లు, ఎంత అన్నది వాళ్ళతోనే చెప్పించి ఒప్పందానికి రావాలి. ఏ యాప్ పట్టికలోనూ మాగాయ ముక్క ఉండదు.

ఇంట్లో ఉన్న ముగ్గురు

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైంది, బయటివాళ్ళు అసలు ఊహించనిది, కుటుంబం. వార్డులో నర్సు చేతులు తనవే. ఫోన్‌లో ఆ ఇంటివాళ్ళ చేతులే నర్సు చేతులు.

తెనాలిలో ఒక ఇల్లనుకుందాం. పక్షవాతంతో మంచాన ఉన్న తండ్రి, ముక్కు గుండా రైల్స్ ట్యూబ్. డెబ్భై ఏళ్ళు దాటిన తల్లి. పగలు చూసుకునే కేర్‌టేకర్ అమ్మాయి. కూతురు డాలస్‌లో, డబ్బు కట్టేదీ నిర్ణయాలు చేసేదీ ఆవిడే. ఇక్కడ రాత్రి 9 గంటలంటే వేసవిలో అక్కడ పొద్దున పదిన్నర. వీడియో కాల్‌లో ముగ్గురూ ఉంటారు. కూతురికి అన్నీ ఇంగ్లీషు పేర్లతో కావాలి, నిన్నటి రీడింగులు కావాలి. తల్లికి ఒక్కటే భయం, గొట్టంలో పాలు పోస్తుంటే ఆయనకి పొలమారితే ఏం చేయాలి. ట్యూబులో నిజంగా పోసేది కేర్‌టేకర్, ఆమె ఈ మాటల్లో నోరే విప్పదు.

తెలిసిన నర్సు ముందు ఆ అమ్మాయిని పేరుపెట్టి పిలుస్తారు. తల వైపు మంచం ఎత్తావా? కనీసం 30 డిగ్రీలు, సగం కూర్చున్నట్టు. ట్యూబు మీద ముక్కు దగ్గర వేసిన గీత అక్కడే ఉందా, జరిగిందా? జరిగితే ఒక్క చుక్క కూడా పోయొద్దు, మనిషి వచ్చి చూడాల్సిందే. దగ్గినా, ముఖం రంగు మారినా వెంటనే ఆపెయ్. అయ్యాక నీళ్ళు పోసి ట్యూబు కడుగు, అరగంట నుంచి గంట దాకా అలాగే కూర్చోబెట్టి ఉంచు. ఇంతా చెప్పాక "అర్థమైందా?" అని అడగడం దండగ. అర్థమైందనే అంటారు. "ఇప్పుడు నువ్వు ఏమేం చేస్తావో నాకు వరసగా చెప్పు" అనాలి. ఆమె చెప్పేటప్పుడు గీత సంగతి మర్చిపోతే అక్కడే దొరుకుతుంది. అలాగే రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, నడుం కింద, మడమల మీద ఎర్రబడిందేమో కెమెరాలో చూపించమనడం.

ఫోన్ పెట్టేసేముందు తల్లిని ఒక ప్రశ్న అడగాలి: "అమ్మా, రాత్రి మీరు ఎంతసేపు పడుకున్నారు? మీ బీపీ మాత్ర వేసుకున్నారా?" చాలా ఇళ్ళల్లో ఆ పెద్దావిడను ఈ మాట అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. రేపు ఆవిడ కూలబడితే ఆ ఇంటి ఏర్పాటంతా కూలుతుంది. కేసు షీటులో ఆవిడ పేరు ఉండదు కాబట్టి ఆవిడ కోసం పెట్టిన సమయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నాకిది నిజంగా బాధ కలిగించే విషయం. నర్సు పనికి కాల్స్ సంఖ్యతో విలువ కట్టే చోట మొదట పోయేది ఈ ప్రశ్నే.

ఎవరు వింటున్నారన్నది ఇంకో చిక్కు. "నాన్నకి క్యాన్సర్ అని తెలియదు సిస్టర్, చెప్పకండి" అని కొడుకు ముందే మెసేజ్ పెడతాడు. తర్వాత స్పీకర్ ఆన్ చేసి తండ్రి పక్కనే కూర్చుంటాడు. కాల్ మొదట్లోనే "స్పీకర్ ఉందా? దగ్గర ఎవరెవరున్నారు?" అని అడగడం ఈ వృత్తిలో చేతులు కడుక్కోవడమంత ముఖ్యం. గర్భిణితో మాట్లాడుతున్నప్పుడు పక్కన అత్తగారో భర్తో ఉండి ఆమె పొడిపొడిగా పలుకుతుంటే, అవును కాదు అని జవాబు వచ్చేలా ప్రశ్నలు మార్చుకోవాలి. పేషెంటు తనంతట తాను "నాకేం జబ్బమ్మా, నువ్వైనా చెప్పు" అని అడిగిన రోజు అబద్ధం ఆడకూడదు, కొడుకును పక్కకు నెట్టనూ కూడదు. "మీరేం అనుకుంటున్నారు నాన్నగారూ?" అని మొదలుపెట్టి, ఆయనకు ఎంత తెలుసుకోవాలనుందో విని, డాక్టర్‌తో, కొడుకుతో కలిపి మాట్లాడే ఏర్పాటు చేయాలి. అది ఒక్క కాల్‌లో అయ్యేది కాదు.

నిబంధనల్లో నర్సు ఎక్కడ

మన దేశంలో టెలీమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి, కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన రోజునే. అవి రిజిస్టరైన డాక్టర్ల కోసం రాసినవి. డాక్టర్ దేశంలో ఎక్కడున్నా ఏ రాష్ట్ర పేషెంటుకైనా సలహా ఇవ్వొచ్చు. ఏ మందులు ఫోన్ మీద రాయొచ్చో, ఏవి వీడియోలో చూసే రాయాలో, ఏవి అసలు రాయకూడదో జాబితాలున్నాయి. కృత్రిమ మేధ తనంతట తాను పేషెంటుకు సలహా చెప్పడం, మందు రాయడం కుదరదని కూడా స్పష్టంగా ఉంది. నర్సు అందులో హెల్త్ వర్కర్‌గా కనబడతారు, పేషెంటును డాక్టర్‌కు కలిపే మనిషిగా. రోజూ ఫోన్‌లో నిర్ణయాలు తీసుకునే నర్సు ఎంతవరకు వెళ్ళొచ్చన్నది ఆ పత్రం గీసి చూపదు. ఆస్పత్రి రాసిపెట్టిన ప్రోటోకాల్, డాక్టర్ సంతకం చేసిన ఆదేశాలు ఉంటే ఆ గీత ఉన్నట్టు. అవి లేకుండా నర్సును హెడ్‌సెట్ ఇచ్చి కూర్చోబెడితే, ఏదైనా తేడా వచ్చిన రోజున భారమంతా ఆవిడ మీదే పడుతుంది.

క్యాన్సర్ నొప్పి దగ్గర ఇది మరీ గట్టిగా తగులుతుంది. 2014లో మత్తుమందుల నియంత్రణ చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) సవరించి మార్ఫిన్ దొరకడం సులువు చేశారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి లాంటి చోట్ల పాలియేటివ్ విభాగాలు, అంటే నొప్పి, బాధ తగ్గించే విభాగాలు ఉన్నాయి. కానీ టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మత్తుమందుల జాబితాలోనివి ఫోన్ మీద రాయకూడదు. దుర్వినియోగం భయంతో పెట్టిన నిబంధన, కారణం లేకపోలేదు. దాని ఫలితంగా ఫోన్‌లో ఉన్న నర్సు, ఇంట్లో ఉన్న మార్ఫిన్ వేళకు వేస్తున్నారా, మలబద్ధకానికి మందు తోడుగా ఇస్తున్నారా, మగత ఎక్కువైందా అని అడగగలరు. మాత్రలు అయిపోయే తేదీ ముందే లెక్కగట్టి చెప్పగలరు. శుక్రవారం సాయంత్రం డబ్బా ఖాళీ అయ్యాక ఫోన్ చేస్తే మాత్రం చేయగలిగింది చాలా తక్కువ. అందుకే మంచి పాలియేటివ్ నర్సు ప్రతి కాల్‌లోనూ మాత్రలు లెక్కపెట్టిస్తారు.

విదేశాల్లోని మన నర్సులకు వేరే గీతలున్నాయి. అమెరికాలో నర్సు ఎక్కడ కూర్చున్నారన్నది కాదు, పేషెంటు ఎక్కడ ఉన్నారో ఆ రాష్ట్రపు లైసెన్సు కావాలి. కొన్ని రాష్ట్రాలు కలిసి ఒకే లైసెన్సు చెల్లేలా 2000లో కాంపాక్ట్ అనే ఒప్పందం మొదలుపెట్టాయి. టెక్సాస్ అందులో మొదటి నుంచీ ఉంది, కాలిఫోర్నియా ఇంతవరకు లేదు. డాలస్‌లో ఉండే తెలుగు నర్సు ఆ లైసెన్సుతో ఎన్నో రాష్ట్రాల పేషెంట్లతో మాట్లాడొచ్చు, ఫ్రీమాంట్‌లో ఉన్న పేషెంటుతో మాత్రం కాలిఫోర్నియా లైసెన్సు లేకుండా కుదరదు. ఇక విజయవాడలో ఉన్న బాబాయి రాత్రిపూట వాట్సాప్‌లో పంపే ఈసీజీ సంగతంటారా, అది బంధుత్వం. చూసి "వెంటనే వెళ్ళండి బాబాయ్" అనడానికి లైసెన్సు అడ్డం రాదు, "ఏం పర్లేదు" అనడానికి మాత్రం ఏ లైసెన్సూ సరిపోదు.

నర్సు ఇంట్లో

వార్డులో ఒక చావు తర్వాత తోటి సిస్టర్ టీ తెచ్చిస్తుంది, మెట్ల మీద రెండు నిమిషాలు కూర్చోవచ్చు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకు కాల్ ముగియగానే ఇంకో కాల్. పక్క గదిలో పిల్లలు. ఇంకా నలిపేది, తర్వాత ఏమైందో తెలియకపోవడం. ఆస్పత్రికి బయల్దేరమన్న ఆ డెంగీ పిల్లాడు వెళ్ళాడా లేదా, సకాలంలో చేరాడా, చాలా సేవల్లో నర్సుకు తిరిగి కబురు రాదు. తన నిర్ణయం సరైందో కాదో తెలియకుండా ఏళ్ళ తరబడి నిర్ణయాలు తీసుకునే మనిషి నేర్చుకునేది ఎలా? మర్నాడు ఒక్క తిరుగు ఫోన్‌కు సమయం కేటాయిస్తే పేషెంటుకూ మేలు, నర్సుకూ పాఠం. దానికయ్యే ఖర్చు ఐదు నిమిషాలు.

గోప్యత సంగతి కూడా ఉంది. తలుపు వేసుకునే గది, హెడ్‌ఫోన్, సొంత ఫోన్ నంబరు పేషెంటుకు వెళ్ళకుండా చూసే ఏర్పాటు, పుండు ఫొటోలు సొంత గ్యాలరీలో పడకుండా ఉండే పద్ధతి లేకపోతే ఆ ఉద్యోగం చేయదగింది కాదు.

ఈ పనిలోకి వెళ్ళాలనుకునే నర్సులు జీతం అడిగేముందు అడగాల్సినవి కొన్నున్నాయి. ప్రోటోకాల్ రాసి ఉందా, దాన్ని ఏ డాక్టర్ ఆమోదించారు, ఆఖరిసారి ఎప్పుడు సవరించారు? నాకు అనుమానం వస్తే లైన్‌లోకి వచ్చే డాక్టర్ ఎవరు, రాత్రి రెండింటికి కూడా వస్తారా? గంటకు ఇన్ని కాల్స్ అని లక్ష్యం పెడతారా? కాల్ రికార్డు అవుతుందా, ఫిర్యాదు వస్తే ఆ రికార్డు నాకు చూపిస్తారా? పేషెంటు ఉన్న చోటి చిరునామా కాల్ మొదట్లోనే తెర మీద ఉంటుందా, లైన్ తెగిపోతే నేను 108కి చెప్పగలిగేలా? వార్డులో కనీసం కొన్నేళ్ళు చేసినవాళ్ళనే తీసుకుంటున్నారా, లేక నిన్న కోర్సు పూర్తయినవాళ్ళను కూడానా? ఈ చివరి ప్రశ్నకు "ఫ్రెషర్స్ అయినా పర్లేదు మేడం, అంతా స్క్రీన్ మీద వస్తుంది" అని జవాబొస్తే, అక్కడ చేరకపోవడమే మంచిది.